ఎన్నారై సందేహాలు: కప్పు కింద కాటా పెట్టు

సందేహం: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. గదిలో సింగిల్ కప్పు కాఫీ మిషన్ ఉంది. అందులో వచ్చే కాఫీ నీళ్లలా ఉంటోంది, పాలు పోస్తే ఆ మాత్రం రుచీ ఉండటం లేదు. పొడి మార్చాలా, మిషన్ మార్చాలా? మా ఫ్రెండ్స్ ఇద్దరు వచ్చే నెల తిరుపతి నుంచి బయలుదేరుతున్నారు. వాళ్లతో ఏం తెప్పించుకోమంటారు?

జవాబు: రెండూ మార్చక్కర్లేదు తమ్ముడూ. ముందు నువ్వు నొక్కే బటన్ మార్చు. సెలవులకు వచ్చి ఇప్పుడు నేనూ తిరుపతిలోనే ఉన్నాను. ఇక్కడ పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి వివరంగానే చెబుతాను. చిత్తూరు, తిరుపతి ఇళ్లలో టీ కన్నా ఫిల్టరు కాఫీకే పెద్దపీట. పొద్దున్నే అది సరిగ్గా పడకపోతే రోజంతా ఏదో వెలితిగా ఉంటుంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఇది చిన్న విషయమేమీ కాదు.

మిషన్‌లో పెట్టే ఆ ప్లాస్టిక్ పాడ్‌లో ఉండే పొడి సుమారు 9 నుంచి 12 గ్రాములు. నువ్వు 10 ఔన్సుల బటన్ నొక్కితే దాని మీద దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్లు పోతాయి. అంటే గ్రాము పొడికి 25 నుంచి 30 రెట్లకు పైగా నీళ్లు. పాలు లేకుండా తాగే అమెరికా వాళ్ల బ్లాక్ కాఫీకి కూడా 15 నుంచి 18 రెట్లు చాలంటారు. ఇక మన ఇళ్లలో 20 గ్రాముల పొడికి 100 మిల్లీలీటర్లు పోసి డికాక్షన్ తీస్తాం, అంటే 5 రెట్లే. మనం పాలు కలిపి తాగుతాం కాబట్టి అంత చిక్కగా దిగాల్సిందే. నీ మిషన్‌లో లోపమేమీ లేదు. నీళ్లు ఎక్కువై పొడి తక్కువైంది, అంతే.

అందుకే కాటా కొనుక్కో. ఒక్క గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. స్పూను లెక్క నమ్మొద్దు. మెత్తటి పొడి, బరక పొడి ఒకే స్పూనులో ఒకే బరువు తూగవు, కుప్పగా తీసుకుంటే ఒక తూకం, గీసి తీసుకుంటే ఇంకో తూకం. నీళ్లకైతే మరీ సులువు, మిల్లీలీటరు అంటే గ్రామే.

పాడ్‌ల బదులు పొడి మనమే నింపుకునే రీయూజబుల్ పాడ్ ఒకటి తీసుకో. నీ మిషన్‌కు సరిపోయేది అడిగి కొను. దాన్ని కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, 12 గ్రాముల పొడి వెయ్యి. అదిమి నింపొద్దు, నీళ్లు దిగక పైకి పొంగుతాయి. మిషన్ కింది ట్రే చాలావాటికి ఊడి వస్తుంది. దాన్ని తీసేసి అక్కడ కాటా, కాటా మీద కప్పు పెట్టి మళ్లీ సున్నా చెయ్యి. అన్నిటికన్నా చిన్న బటన్ నొక్కు. మొదట చిక్కగా, నల్లగా సన్నటి ధార దిగుతుంది. అంకె 80 దాటేలోపే ధార రంగు పల్చబడటం కంటికే తెలుస్తుంది. 80 చూపించగానే ఆ కప్పు తీసి, పక్కన సిద్ధంగా ఉంచుకున్న ఇంకో కప్పు పెట్టు. ఆవిరి వస్తుంటుంది, చెయ్యి జాగ్రత్త. పొడిలోని సారం చాలావరకు మొదటి ధారలోనే వచ్చేస్తుంది, వెనక వచ్చేది పల్చటి చేదు. ఆ 80 గ్రాములే నీ డికాక్షన్. దానికి 80 నుంచి 100 మిల్లీలీటర్ల వేడి పాలు కలుపు. చిక్కదనం చాలకపోతే రేపు 70 దగ్గరే ఆపు. కాటా ఉంటే ఏ మార్పుకు ఏ రుచి వచ్చిందో గుర్తుంటుంది, బాగా కుదిరిన రోజు కాఫీ మళ్లీ కుదురుతుంది.

పాల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇక్కడ ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు 6 శాతం. అమెరికాలో హోల్ మిల్క్ అని అమ్మేదాంట్లో 3.25 శాతం దగ్గర ఉంటుంది. రెండు వంతుల హోల్ మిల్క్‌కు ఒక వంతు హాఫ్ అండ్ హాఫ్ (పాలు, క్రీమ్ కలిపి అక్కడ అమ్మేది) కలిపితే మన పాల చిక్కదనానికి దగ్గరగా వస్తుంది. ఫ్రిజ్‌లో పాలు తీసి అలాగే పోస్తే కాఫీ చల్లారిపోతుంది. విడిగా పొంగు దాకా కాచి కలుపు. మిషన్ నీళ్ల ట్యాంకులో మాత్రం పాలు ఎప్పుడూ పోయొద్దు, లోపల అట్టలు కట్టి మిషన్ పాడవుతుంది.

ఇక నీ ఫ్రెండ్స్ తెచ్చేది. కాఫీ పొడి కొట్లో మనం మామూలుగా అడిగే మెత్తటి పొడి ఈ పాడ్‌కు పనికిరాదు, చిల్లులు మూసుకుపోతాయి. కొంచెం బరకగా ఆడించమనాలి. కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు పొడి 20 శాతం మించకపోతే మంచిది. చికోరీ రంగు, చిక్కదనం ఇస్తుంది గానీ అందులో కెఫీన్ ఉండదు. నల్లగా దిగింది కదా, స్ట్రాంగ్‌గా ఉంటుందిలే అనుకోకూడదు. ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని ముద్రించి ఉంటుంది, చూసి కొనమను. వేయించిన కాఫీ పొడి అమెరికాకు తీసుకురావచ్చు, అక్కడ దిగాక తినే వస్తువులు ఉన్నాయని డిక్లేర్ చేస్తే సరి. చెక్ ఇన్ బ్యాగులోనే పెట్టమను. అమెరికా విమానాల్లో చేతి బ్యాగులో 350 మిల్లీలీటర్లకు మించి పొడులుంటే విడిగా తనిఖీ చేస్తారు, విమానం ఎక్కే హడావిడిలో ఆ టెన్షన్ దేనికి? కిలోలకు కిలోలు మోయించకు. అర కిలో చాలు, అక్కడి ఇండియన్ స్టోర్లలో మన పొడి దొరుకుతుంది, తయారైన తేదీ చూసుకుని తీసుకో.

వాళ్లతో ఒక చిన్న స్టీలు ఫిల్టరు కూడా తెప్పించుకో. మెత్తటి పొడికి అదే సరైనది. 20 గ్రాముల పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ల మెల్లగా ఆనించి, కాటా మీద పెట్టి 100 గ్రాముల వేడి నీళ్లు పొయ్యి. తడిసిన పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టేసుకుంటుంది కాబట్టి కింద 60 గ్రాముల దాకా దిగుతుంది. నీళ్లు మిషన్‌లోనే పొడి లేకుండా కాచుకోవచ్చు. చాలా హాస్టళ్లలో కాయిల్ పొయ్యిలకు అనుమతి ఉండదు, మీ హాస్టల్ నిబంధనలు ఒకసారి చదువుకో.

కరెంటుతో పనిచేసే కెటిల్, కాఫీ మేకర్ మాత్రం తెమ్మనొద్దు. మన దగ్గర 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడి కెటిల్ అక్కడ గోరువెచ్చగా కావడానికే ఎంతో సేపు పడుతుంది. అటు నుంచి అమ్మానాన్నలకు మిషన్ పంపాలని ముచ్చటపడినా అదే చిక్కు, తిరుపతి ఇంట్లో ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. వాళ్లకు ఆ కాటా ఒకటి కొనిపెట్టు, అది బ్యాటరీతో నడుస్తుంది.