పట్టిక వద్దు, ఒక్క ప్రశ్న చాలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. పాశ్చాత్య తత్త్వశాస్త్రంలోని శాఖలన్నీ ఒకవైపు రాసి, ఎదురుగా మనవైపు నుంచి ఒక్కో మాట పెట్టావు. అసలు ఉన్నదేమిటని అడిగే మెటాఫిజిక్స్‌కి బ్రహ్మం, తెలుసుకోవడం ఎలాగని అడిగే ఎపిస్టమాలజీకి ప్రమాణాలు (నిజం తెలుసుకునే సాధనాలు), ఎలా నడుచుకోవాలని అడిగే ఎథిక్స్‌కి ధర్మం. పట్టిక చక్కగా కుదిరింది. కానీ ఆ మాటల్ని పుట్టించిన ఆలోచన ఎటు పోయింది?

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి భార్య మైత్రేయి కథ మళ్లీ తెరువు. ఇల్లు విడిచి వెళ్తూ ఆస్తి పంచుతానంటాడు యాజ్ఞవల్క్యుడు. ‘ధనంతో నిండిన ఈ భూమంతా నాదైతే అమరత్వం వస్తుందా?’ అని అడుగుతుంది ఆమె. రాదంటాడు. అయితే నాకెందుకు, మీకు తెలిసింది చెప్పండంటుంది. ఆస్తి దగ్గర మొదలైన మాట, భర్త మీదా బిడ్డల మీదా ప్రేమ అసలు దేనికోసమన్న దాకా, అక్కణ్ణించి ఆత్మ దాకా వెళ్లి, ‘తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకోవడం?’ అన్నచోట ఆగుతుంది. దీన్ని నీ పట్టికలో ఎక్కడ రాస్తావు? మూడు గడుల్లోనూ రాయాల్సిందే.

ఇప్పుడు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో తెచ్చిన ‘మెడిటేషన్స్’ దీని పక్కన పెట్టుకో. సందేహించగలిగినవన్నీ సందేహించి, సందేహించే నేను మాత్రం ఉన్నానని తేల్చుకుంటాడు. ఆయనా తెలుసుకునేవాడి దగ్గరికే వచ్చాడు. అయితే యాజ్ఞవల్క్యుడు మాట ముగించినచోట ఈయన పునాది వేసి, దేవుణ్ణీ ప్రపంచాన్నీ దాని మీద నిలబెట్టబోయాడు. ఎందుకలా? నీ వ్యాసం రాయాల్సింది ఇక్కడే.

ఇంకో మాట. ప్రమాణాలు నాలుగన్నది న్యాయ దర్శనం లెక్క. అద్వైతులు ఆరంటారు. భౌతికవాదులైన చార్వాకులు ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలకి తెలిసేది ఒక్కటే ఒప్పుకుంటారు, పైగా వేదాన్నే కాదంటారు. వీళ్లందర్నీ ‘వేద చింతన’ అని ఒకే గాటన కట్టెయ్యకు. అటువైపూ అంతే. తత్త్వాన్ని తర్కం, భౌతికం, నీతి అని మూడుగా విభజించిన స్టోయిక్కుల్లోనే (ప్రాచీన గ్రీకు తాత్త్వికుల్లో ఒక శాఖ), వాటిని విడదీయలేమన్నవాళ్లు ఉన్నారు.

‘మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు’ అన్న వాక్యం కొట్టెయ్. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం చూడు. సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో పరమాకాశంలో ఉన్న అధ్యక్షుడికే తెలుసో, ఆయనకీ తెలియదో అంటుంది. అంత ధైర్యంగా అడిగినవాళ్లకి ముందెవరు, వెనకెవరు అన్న పోటీతో పనేముంది?

టెన్షన్ పడకు, నీ భాష బాగుంది. ఈసారి మైత్రేయినీ డెకార్ట్‌నీ మాత్రమే తీసుకుని, మూలం దగ్గర పెట్టుకుని రాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి