హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్‌కి సొంత శైలి లేదంటారు, నిజమేనా?

హిచ్‌కాక్ సినిమా అయితే కాసేపు చూస్తే పట్టేయొచ్చు, వైలర్‌కి అలాంటి ముద్రే లేదు, మరి 12 సార్లు ఉత్తమ దర్శకుడి నామినేషన్, 3 ఆస్కార్లు ఎలా వచ్చాయి, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని అడిగారు. ముద్ర ఉంది. కాకపోతే అది మనుషుల్ని ఫ్రేములో ఎక్కడ నిలబెట్టాడు అన్నదాంట్లో ఉంటుంది కాబట్టి వెంటనే కంటికి కనబడదు.

నేను టీవీ సీరియళ్ళకి ఎడిటింగ్ చేస్తాను. ఎవరు మాట్లాడితే వాళ్ళ క్లోజప్, వెంటనే ఎదుటివాళ్ళ రియాక్షన్, ఇదే మా రోజువారీ పని. ఆ అలవాటుతో 'ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్' (1946) చూస్తుంటే బార్ సీను దగ్గర ఆగిపోయాను. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఫ్రెడ్, ఆల్, హోమర్ అనే ముగ్గురి కథ అది. వాళ్ళలో పెళ్ళయిన ఫ్రెడ్ ఏమో ఆల్ కూతుర్ని ప్రేమిస్తాడు. ఇక ఆమెను కలవొద్దని ఆల్ గట్టిగా చెప్పాక ఫ్రెడ్ లేచి, ఆమెకి ఆ మాట చెప్పడానికి దూరంగా మూలనున్న ఫోన్ బూత్‌లోకి వెళ్తాడు. ఇటు కెమెరా దగ్గరగా, చేతుల్లేని హోమర్ ఇనుప కొక్కేలతో పియానో వాయిస్తుంటాడు, ఆల్ పక్కన నిలబడి వింటుంటాడు. కథ మలుపు తిరిగేది ఆ బూత్‌లో, కానీ ఫోన్‌లో ఏం మాట్లాడాడో మనకి ఒక్క ముక్క వినబడదు. మధ్యలో ఆల్ ముఖం కాస్త దగ్గరగా చూపిస్తాడు తప్ప కెమెరా బూత్ దగ్గరికి వెళ్ళనే వెళ్ళదు. నేనైతే ఫోన్ పట్టుకున్న ఫ్రెడ్ క్లోజప్ కచ్చితంగా వేసేవాణ్ణి, దాంతో ఆ సీను చచ్చిపోయేది. ముందూ వెనకా ఒకేలా స్పష్టంగా కనబడేలా తీసిన కెమెరామన్ గ్రెగ్ టోలండ్‌కి కూడా ఇందులో పెద్ద వాటా ఉంది. హోమర్‌గా వేసిన హెరాల్డ్ రస్సెల్ సైన్యంలో ట్రైనింగ్ ఇస్తుండగా జరిగిన పేలుడులో నిజంగానే రెండు చేతులూ పోగొట్టుకున్న మనిషి.

వైలర్ కూడా ఆ యుద్ధం చూసి వచ్చినవాడే. 1902లో, అప్పట్లో జర్మనీ కింద, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆల్సేస్‌లోని మ్యూల్‌హౌస్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. యూనివర్సల్ స్టూడియో స్థాపించిన కార్ల్ లెమ్లీ తల్లి తరఫు బంధువు కావడంతో కుర్రతనంలోనే అమెరికా చేరి, అక్కడ చిన్నాచితకా పనులు చేసి, చవక వెస్టర్న్‌లు (కౌబాయ్ సినిమాలు) తీస్తూ పని నేర్చుకున్నాడు. 'మిసెస్ మినివర్' (1942)కి మొదటి ఆస్కార్ వచ్చేనాటికి యూనిఫాంలో ఉన్నాడు. బాంబర్ విమానాల్లో ఎక్కి డాక్యుమెంటరీలు తీశాడు, 1945లో ఇటలీలో అలాంటి ప్రయాణంలోనే వినికిడి చాలావరకు పోయింది. తిరిగొచ్చాక తీసిన మొదటి కథాచిత్రమే ఈ 1946 సినిమా. అందులో ఇల్లు చేరిన సైనికుల ఇబ్బంది అంత నిజంగా ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఇక టేకుల మీద టేకులు తీస్తాడు, ఏం మార్చాలో కూడా చెప్పడు అని నటులు వాపోయేవారు. బెట్టీ డేవిస్ 'ద లిటిల్ ఫాక్సెస్' (1941) షూటింగులో గొడవపడ్డాక మళ్ళీ ఆయనతో పనిచేయలేదు. అయినా ఆయన సినిమాల్లో నటనకి వచ్చిన ఆస్కార్లు 14! ఆ గొడవల సినిమాలోనే చూడండి, గుండెనొప్పితో భర్త మందు కోసం వెనక మెట్లెక్కలేక కూలిపోతుంటే మసగ్గా కనబడతాడు, కెమెరా మాత్రం కుర్చీలోంచి కదలని భార్యగా వేసిన డేవిస్ ముఖం మీదే ఉంటుంది. నన్నడిగితే ఆమె కెరీర్‌లోనే గొప్ప సీను అది.

వరస అడిగారు కాబట్టి, ముందు 'రోమన్ హాలిడే' (1953) చూడండి, తేలిగ్గా సాగిపోతుంది. తర్వాత 'బెస్ట్ ఇయర్స్', మూడు గంటలకి కాస్త తక్కువ, ఒకే బిగిన చూడాలి. ఆపైన 'లిటిల్ ఫాక్సెస్', 'ది ఏరెస్' (1949). 11 ఆస్కార్ల 'బెన్‌హర్' (1959) చివరికి ఉంచుకోండి. అందులో అందరూ చెప్పుకునే రథాల పందెం చాలావరకు ఆండ్రూ మార్టన్, యకీమా కనట్ నడిపిన సెకండ్ యూనిట్ (ప్రధాన దర్శకుడు లేకుండా విడిగా షూట్ చేసే బృందం) తీసింది, దాన్ని బట్టి వైలర్‌ని అంచనా వేయొద్దు.