సమాధానం: కరెంటు పోతే ఇన్వర్టర్ మూడు గంటలైనా రావట్లేదు

మూడు ఫ్యాన్లు, నాలుగు ట్యూబ్‌లైట్లు వేస్తే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీ మూడు గంటల్లోపే దిగిపోతోందన్నారు కదండీ, బ్యాటరీ తప్పేం లేదు. 12 వోల్టుల లెక్కన అది 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది 1200 దాకా. ఫ్యాను 75, పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50. మొత్తం లోడు 425 వాట్లు! 1200ని దాంతో భాగిస్తే మూడు గంటలు కూడా రాదు.

ముందు ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ ఫ్యాను (కరెంటు తక్కువ తినే బ్రష్‌లెస్ మోటారుది) ఫుల్ స్పీడులోనూ 30 వాట్ల చుట్టుపక్కలే తింటుంది. బిగించేటప్పుడు గోడమీది రెగ్యులేటర్ తీసేసి వైరు నేరుగా కలపమనండి. దాన్ని అలాగే ఉంచితే ఫ్యాన్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు పాడయ్యే ప్రమాదముంది. ఎలక్ట్రీషియన్లు మరిచిపోతుంటారు, పక్కనే నిలబడి చూసుకోండి. ట్యూబ్‌లైట్ల బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ బాటెన్లు (పొడవాటి ఎల్‌ఈడీ లైట్లు) రెండు చాలు. అప్పుడు లోడు 130 వాట్లు, తొమ్మిది గంటలు లాగుతుంది.

ఫ్రిజ్‌ను ఇన్వర్టర్‌కి కలపొద్దు. తలుపు తీయకుంటే నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది.