పని లేని నెలలోనూ డిమాండ్ ఛార్జీ ఆగదు

ప్రశ్న: మాది ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్, హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు సర్వీసు. కాంట్రాక్టు డిమాండ్, అంటే ఒప్పందం ప్రకారం వాడుకోగల గరిష్ఠ లోడు, 150 కేవీఏ (లోడు కొలమానం). గత నెల ఆర్‌ఎండీ (మీటరులో నమోదైన గరిష్ఠ లోడు) 140, వాడకం 20,160 యూనిట్లు. రోజుకు 10 గంటలే నడుపుతాం కాబట్టి లోడ్ ఫ్యాక్టర్ (ఆ గరిష్ఠ లోడుతోనే నడిపితే అయ్యే వాడకంలో నిజంగా వాడిన శాతం) 48 శాతం వచ్చింది. బిల్లు తగ్గడానికి ఇల్లు తాకట్టు పెట్టి, 18 శాతం వడ్డీకి 12 లక్షలు తెచ్చి సోలార్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు. ముందు లెక్క సరిచేసుకోండి. మీరు 140ని, రోజుకు 10 చొప్పున నెలకు 300 గంటలతో గుణించారు. చాలామంది చేసే పొరపాటే ఇది. డిమాండ్ ఛార్జీ (యూనిట్ల మీద కాక గరిష్ఠ లోడు మీద వేసేది) నెల మొత్తానికి కడుతున్నారు కాబట్టి నెలలోని 720 గంటలూ తీసుకోవాలి. 140ని 720తో గుణిస్తే 1,00,800; 20,160ని దానితో భాగిస్తే 20 శాతం. కేవీఏకి 475 రూపాయల చొప్పున డిమాండ్ ఛార్జీ 66,500, అంటే ప్రతి యూనిట్ మీద 3.30 అదనం.

ఈ 140 ఎప్పుడు నమోదవుతోందో మీటరు లోడ్ సర్వే (ఏ సమయంలో ఎంత లోడు ఉందో చూపే రికార్డు) తీయించి చూడండి. మౌల్డింగ్ యూనిట్లలో సాధారణంగా పొద్దున్నే అన్ని మెషీన్ల బ్యారెల్ హీటర్లు, చిల్లర్, గ్రైండర్ ఒకేసారి వేస్తారు. మీటరు పావుగంటకో అరగంటకో సగటు తీస్తుంది. నెలలో ఒక్కసారి పెరిగినా బిల్లు దాని మీదే. ఏడింటికి ఎండెక్కడిది, సోలార్ ఆదుకోవడానికి? హీటర్లను అరగంట తేడాతో వేయండి, గ్రైండర్‌ను మధ్యాహ్నానికి మార్చండి. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా) తగ్గితే, దాన్ని సరిచేసే కెపాసిటర్లను ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఆర్‌ఎండీ 90కి దిగిందనుకుందాం. అయినా కాంట్రాక్టులో 80 శాతానికి, అంటే 120కి బిల్లు వేస్తారు. రెండు మూడు నెలలు 90 నిలబడ్డాక కాంట్రాక్టును 100కి తగ్గించమని దరఖాస్తు పెట్టండి. ఒప్పందంలో కనీస గడువు ఉందేమో ముందే చూసుకోండి. 100 దాటితే జరిమానా పడుతుంది. అన్నీ కుదిరితే ఛార్జీ 42,750, లోడ్ ఫ్యాక్టర్ 31 శాతం. పైసా అప్పు లేకుండా నెలకు 23,750 మిగులు.

అసలు నా కంగారు వేరే. ఇప్పటి ఒప్పందంలో షెడ్డు మూసినా నెలకు 57,000 డిమాండ్ ఛార్జీ తప్పదు. పైన 12 లక్షలకు వడ్డీయే 18,000. రెండు నెలలు ఆర్డర్లు రాకపోతే పోయేది ఇల్లు! ఆరు నెలల డిమాండ్ ఛార్జీ 3,42,000, దానికి జీతాలు, ఇంటి ఖర్చు కలిపి అత్యవసర నిధి లెక్కేయండి. నెలనెలా మిగిలే ఆ 23,750 మొత్తం అందులోకే వెళ్లాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్‌గానో లిక్విడ్ ఫండ్‌ (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్)గానో. వ్యాపారం నడిపే బ్యాంకు కరెంట్ అకౌంట్‌లో ఉంచితే ముడిసరుకుకు వాడేస్తారు.

సోలార్ సంగతి నిధి నిండాక, బ్యాంకు వడ్డీకి, ఇల్లు తాకట్టు పెట్టకుండా దొరికితే చూద్దాం.