ఎడమచేతి బేస్ హాల్లో ముద్దగా వినిపిస్తోందా?

మీరు చెప్పింది ఆర్గన్, గిటార్, టెనర్ శాక్స్, డ్రమ్స్ బృందం. బేస్ గిటార్ లేదు, ఆర్గన్ ఎడమచేతి బేసే ఆధారం. స్టేజీ మీద బాగుంది, హాల్లో మాత్రం ముద్దగా, ఊగుతూ వస్తోంది. ఆ ఊగడం లెస్లీ (తిరిగే భాగాలున్న ఆర్గన్ స్పీకర్ పెట్టె) కింది రోటర్, అంటే లోపల తిరిగే డ్రమ్, వల్లే. సుమారు 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఆ డ్రమ్‌లోంచే వస్తుంది. ఫాస్ట్ స్పీడ్‌లో అది గిరగిరా తిరుగుతుంటే ప్రతి బేస్ స్వరమూ హెచ్చుతగ్గులతో ఊగుతుంది.

ముందు పవర్ తీసేసి, కింది మోటారు ప్లగ్ మాత్రం పీకేయండి. పైన, హెచ్చు స్వరాలు పలికే హార్న్ మామూలుగానే తిరుగుతుంది. డ్రమ్ నోటిని చేత్తో తిప్పి మైకు వైపు పెట్టండి. సోల్-జాజ్‌కి ఇది ఏమాత్రం లోటు కాదు, వాకింగ్ బేస్‌కి (తాళానికో స్వరంగా నడిచే బేస్‌కి) నిలకడ వస్తుంది.

పై హార్న్‌కి ఒక మైకు చాలు, ఓ జానెడు దూరంలో. మిక్సర్‌లో దానికి 150 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (కింది స్వరాలను తగ్గించే ఫిల్టర్) వేయండి. కింది డ్రమ్‌కి పెద్ద డయాఫ్రమ్ డైనమిక్ మైకు వాడండి, దానికి లో-కట్ వద్దు. ఈ రెండు మైకులూ మిక్సర్‌లో ఒకే ఫేడర్ (శబ్ద స్థాయి మార్చే మీట) మీద వస్తే బేస్ ఎప్పటికీ తేలదు.

లోయర్ మాన్యువల్‌కి (కింది కీబోర్డుకి) డ్రాబార్లు, అంటే స్వరాన్ని మలిచే తొమ్మిది లాగుడు మీటలు, 808000000 పెట్టి చూడండి, 838000000 కన్నా తేటగా ఉంటుంది. లెస్లీని మూలన పెట్టకండి, గోడలు బేస్‌ను ఉబ్బిస్తాయి. ఇంకా ముద్దగానే ఉంటే కిక్ డ్రమ్ మైకు తగ్గించండి. కిక్, ఆర్గన్ బేస్ రెండూ పోటీపడేది ఆ కింది స్వరాల్లోనే.