డాలర్లలో కార్డు వాడే ముందు

అమ్మలూ,

నీకు అమెరికా యూనివర్సిటీ నుంచి ఐ-20, అదే స్టూడెంట్ వీసాకి కావాల్సిన పత్రం, వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనసు నిండిపోయింది. వీసా కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు మీ నాన్న క్రెడిట్ కార్డుతో కట్టారట కదా. గూగుల్‌లో చూసిన రేటుకీ, స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తానికీ పొంతన లేదని, బ్యాంకు మోసం చేసిందేమోనని టెన్షన్ పడుతున్నారని కూడా చెప్పింది. అది మోసం కాదని ఆయనకి చెప్పు. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి కూడా మీకు ఈ లెక్క ముందే చెప్పలేకపోయానని నాకే బాధగా ఉంది.

డాలర్లను రూపాయల్లోకి మార్చేది కార్డు మీద పేరుండే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్. వాళ్ల రేటు మార్కెట్ రేటుకి దగ్గర్లోనే ఉంటుంది. దాని మీద బ్యాంకు తన వాటా వేసుకుంటుంది. దాన్నే ఫారెక్స్ మార్కప్ అంటారు. మన దేశంలో చాలా కార్డులకి ఇది 3.5 శాతం. కొన్ని ఖరీదైన కార్డులకి 2 శాతం దాకా తగ్గుతుంది, కొన్నిటికి అసలు ఉండదు. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ.

డాలరు 90 రూపాయలు అనుకో. 350 డాలర్లంటే 31,500. దాని మీద మార్కప్ 1,102 రూపాయల 50 పైసలు, జీఎస్టీ 198 రూపాయల చిల్లర. మొత్తం 1,301 రూపాయలు అదనం. పేరుకి 3.5 శాతమే గానీ మన జేబులోంచి పోయేది 4.13 శాతం. ఇంకో సంగతి, రేటు సాధారణంగా మనం కట్టిన రోజుది కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత లావాదేవీ సెటిల్ అయినప్పటిది. ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లో ఒక అంకె, స్టేట్‌మెంట్‌లో ఇంకో అంకె కనబడేది అందుకే.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. అది నేను స్వయంగా తిన్నాను. సింగపూర్ వెళ్లినప్పుడు ఒక దుకాణంలో కార్డు పెట్టగానే మెషీన్ మీద రెండు గడులు వచ్చాయి. రూపాయల్లో కడతారా, సింగపూర్ డాలర్లలో కడతారా అని. రూపాయలైతే లెక్క తెలుస్తుంది కదా అని రూపాయలే నొక్కాను. గదికి వచ్చి రసీదు చూస్తే, వాళ్లు వేసిన రేటు ఆ రోజు రేటు కంటే ఐదు శాతం పైనే ఎక్కువ. ఆ మార్పిడి చేసింది నెట్‌వర్క్ కాదు, దుకాణం వాళ్లు పెట్టుకున్న కంపెనీ. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. రూపాయల్లోనే కట్టాను కదా, మార్కప్ అయినా తప్పిందనుకున్నాను. నెల తిరిగాక చూస్తే, రూపాయల్లో విదేశీ లావాదేవీ చేసినందుకు నా బ్యాంకు వేరే ఫీజు వేసి, దాని మీద జీఎస్టీ కూడా వేసింది. అందుకే చెబుతున్నాను, నువ్వు ఏ దేశంలో ఉంటే ఆ దేశం కరెన్సీయే నొక్కు. కౌంటర్లో వాళ్లు నిన్ను అడక్కుండానే రూపాయలు ఎంచేస్తే, రద్దు చేసి మళ్లీ చెయ్యమని అడుగు. మొహమాటపడకు. వెబ్‌సైట్లలో కూడా కట్టే ముందు ధర ఏ కరెన్సీలో ఉందో చూడు.

ఎంత అవసరం వచ్చినా క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తియ్యకు. మార్కప్ పడుతుంది, క్యాష్ అడ్వాన్స్ ఫీజు పడుతుంది, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కొన్న వస్తువులకి ఉన్నట్టు గడువు దీనికి ఉండదు. చేతి ఖర్చుకి ఇక్కడే కొంత డాలర్ల నగదూ, ముందే డాలర్లు నింపుకుని వాడే ఒక ఫారెక్స్ కార్డూ తీసుకో.

ట్యూషన్ ఫీజు కూడా కార్డుతో వద్దు. కార్డుతో కడితే చాలా యూనివర్సిటీలు విడిగా ఫీజు వేస్తాయి, దానికి మన మార్కప్ తోడవుతుంది. బ్యాంకు నుంచి నేరుగా పంపించండి.

అక్కడ ఏదైనా కొని వెనక్కి ఇస్తే, డాలర్లు పూర్తిగా తిరిగొచ్చినా రూపాయలు అంతే రావు. వాపసు ఇచ్చిన రోజు రేటే లెక్క, పడిన మార్కప్ మామూలుగా తిరిగి రాదు. దుస్తులు సైజు చూసుకుని కొను.

నాన్న క్రెడిట్ కార్డు ఖాతా మీదే నీ పేరుతో ఇచ్చే యాడ్-ఆన్ కార్డు తీసుకుంటున్నావట. దాని షరతుల కాగితంలో విదేశీ కరెన్సీ లావాదేవీల లైను ఒక్కటైనా చదివి, ఎంత శాతమో నాకు చెప్పు. 3.5 ఉంటే, మార్కప్ లేని కార్డు ఒకటి నువ్వు బయలుదేరేలోగా తెప్పించుకుందాం. 2020 నుంచి కొత్త కార్డులు దేశం లోపలి వాడకానికే తెరిచి ఇస్తున్నారు. కార్డు రాగానే యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి మీకు సరిపడినంతే పెట్టుకోండి. దీన్ని విమానం ఎక్కే రోజు దాకా ఉంచకు, ఓటీపీ వచ్చే సిమ్ నాన్న దగ్గర ఉంటుంది కదా. అక్కడికి చేరాక ఖాతా తెరిచి, రోజువారీ ఖర్చు ఆ డెబిట్ కార్డుతోనే చేసుకో. ఇక్కడి కార్డు అత్యవసరానికి ఉంచుకో.

నాన్న స్టేట్‌మెంట్ ఫొటో తీసి పంపు, కార్డు నంబరు కనబడకుండా మూసి తియ్యి. అందులో ఏది మార్కప్పో, ఏది జీఎస్టీనో గుర్తు పెట్టి వెనక్కి పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ