నీళ్లలో బండి ఆగితే తాళం ముట్టుకోకు

చిన్నీ,

నువ్వు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బండి కొన్నావనీ, దాన్ని తయారు చేసుకుని రెండు నెలలు కొండలూ వాగులూ పట్టుకుని తిరుగుతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడం ఏంటి, "నీ మేనకోడలు కదా, ఇంకెలా ఉంటుంది" అని నన్నే దులిపేసింది. తిట్లు తింటూనే లోపల మురిసిపోయాను, అబద్ధం ఎందుకు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ బండి గాలి ఎక్కణ్ణుంచి పీల్చుకుంటుందా అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఫోన్ చేస్తే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

టైర్లు, రెండు స్టెప్నీలు, గాలి కొట్టే కంప్రెసర్, పొడుగు కాడ పార, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్. ఇవి నీకు తెలుసు. రెండో బ్యాటరీ పెడితే దాని ప్లస్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, అవతలి చివర మాత్రమే ఉంటే చాలదు.

పైన టెంటు వేయిస్తున్నావట. వేయించు, కానీ బరువంతా నెత్తికి ఎక్కించకు, పక్కకి వాలిన దారిలో బండి దొర్లేది ఆ బరువుకే. నీళ్ల డబ్బాలు, పనిముట్లు కిందే, సీట్లకి దగ్గరగా, బెల్టులు బిగించి కట్టు. సామానంతా ఎక్కించి, ట్యాంకు నింపి, మనుషులు కూర్చున్నాక ఒక్కసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, కంపెనీ ఇచ్చిన మొత్తం బరువు దాటిందేమో చూడు. చాలామందికి దాటేసి ఉంటుంది, తెలియదంతే.

ఇంకోటి. బండి దిగబడితే వెనకుండే గుండు, అదే టో బాల్‌కి తాడు తగిలించి ఎవరినీ లాగనివ్వకు, ఎంత తెలిసినవాళ్లయినా సరే. అది ట్రైలర్ ఈడ్చడానికి పెట్టింది, జర్కులకి విరిగిందంటే తూటాలా వస్తుంది, మనుషులు పోయారు దానివల్ల. ఛాసిస్‌కి గట్టిగా బిగించిన రికవరీ పాయింట్లు, అంటే లాగే కొక్కేలు, ముందూ వెనకా ఉన్నాయో లేదో చూసుకో.

ఇక నీళ్ల సంగతి. దీనికోసమే కూర్చున్నాను.

మీ బావకి అప్పుడు మూడేళ్లు. నాది పాత డీజిల్ బండి. ఒక వాగు పొద్దున దాటాం, మోకాలి లోతు కూడా లేదు. సాయంత్రం అదే వాగుకి తిరిగొచ్చేసరికి నీళ్ల రంగు మారింది. పైన ఎక్కడో వాన పడిందని ఎవరికైనా తెలియాలి కదా, నాకు తెలియలేదు, తెలియాలనీ అనుకోలేదు. మీ అత్త "దిగి నడిచి చూడరాదూ" అంది. పొద్దున దాటిందే కదా అన్నాను. అసలు సంగతి ఏంటంటే ప్యాంటు తడుపుకోవడం ఇష్టం లేదు, ఒడ్డున ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు కూడా. స్పీడుగా కొడితే దాటేస్తామనుకుని కొట్టాను. ముందు నీళ్లు లేచి బానెట్ మీదకి వచ్చాయి. నడి వాగులో ఇంజిన్ టక్కున ఆగింది. మామూలుగా బండి ఆగేటప్పుడు రెండు దగ్గులు దగ్గి ఆగుతుంది, ఇది అలా కాదు, ఎవరో పట్టి ఆపినట్టు ఆగింది.

నేనేం చేశానో తెలుసా, తాళం తిప్పాను. టక్ మని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పాను. మూడోసారీ తిప్పాను.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ అనుకో. కంప్రెషన్ 17:1 ఉంటే, అంటే గాలిని పదిహేడో వంతుకి నొక్కేదైతే, పిస్టన్ పైకొచ్చాక ఒక్కో సిలిండర్లో మిగిలే జాగా 30 మిల్లీలీటర్ల పైచిలుకు. అంటే రెండు పెద్ద చెంచాలు. అంతకు మించి నీళ్లు పడితే పిస్టన్ పైకి రాలేదు, కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎంత స్పీడుగా తిరుగుతుంటే అంత వంగుతుంది. పెట్రోలుకి ఆ జాగా కాస్త ఎక్కువ, అంతమాత్రాన అదేం తప్పించుకోదు.

ఎవరో ట్రాక్టరుతో బయటికి లాగారు. ఎయిర్ ఫిల్టర్ తీస్తే నీళ్లు కారాయి. ఆ ట్రాక్టరాయన, పెద్దాయన, "ఇంజెక్టర్లు విప్పి ఇంజిన్ని చేత్తో తిప్పు, లోపల నీళ్లు పోతాయి, అప్పటిదాకా స్టార్ట్ చేయకు" అన్నాడు. చీకటి పడుతోందన్నాను. ఇంకో నాలుగుసార్లు తిప్పితే తెల్ల పొగ కక్కుతూ స్టార్టయింది! నేను మీ అత్త వంక చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంజిన్లో టిక్ టిక్ మని ఒక చప్పుడు. ట్యాపెట్లు వదులై ఉంటాయిలే అన్నాను. రెండు రోజులు, దాదాపు 400 కిలోమీటర్లు, ఆ చప్పుడుతోనే నడిపాను. చివరికి ఒక ఘాట్ ఎక్కుతుంటే ఢాం అంది. రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకు చీల్చుకుని బయటికొచ్చింది. కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడి పొగ. నిద్రపోతున్న పిల్లాణ్ణి చంకనేసుకుని మీ అత్త చెప్పులు లేకుండా రోడ్డు మీద పరిగెత్తింది. మంట అంటుకోలేదు. అంటుకోకపోవడంలో నా గొప్పేమీ లేదు.

మెకానిక్ మిగిలిన మూడు రాడ్లు బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి పొట్టిగా ఉంది. అది కూడా విరగడానికి సిద్ధంగా ఉందన్నమాట. "వాగులోనే తాళం తిప్పడం వదిలేసి ఉంటే రాడ్లతోనే పోయేది, బ్లాకు మిగిలేది" అన్నాడాయన.

అందుకని, నీళ్లలో ఆగిందా, తాళం బయటికి తీసి జేబులో పెట్టుకో. బటన్ స్టార్ట్ అయితే చెయ్యి ఒళ్లో పెట్టుకో. నీళ్లు పెరుగుతుంటే బండిని వదిలేసి మనుషులు బయటపడాలి, వాగులోకి దిగే ముందే అద్దాలు దింపి సీటు బెల్టులు తీసి ఉంచేది అందుకే. బయటికి లాగించాక ఫిల్టర్ చూడు. తడిగా ఉంటే పెట్రోలుకి ప్లగ్గులు, డీజిలుకి గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, చేత్తో తిప్పి నీళ్లు పోయాకే మిగతా మాట. తర్వాత కొత్త చప్పుడు ఏదైనా వచ్చిందా, లాగించుకుని వెళ్లు.

దిగే ముందు కర్ర పట్టుకుని నడిచి చూడు. నడవలేనంత వడి ఉంటే బండికీ అది దారి కాదు. పారే నీళ్లు 60 సెంటీమీటర్లుంటే ఎస్‌యూవీలనే ఎత్తుకుపోతాయి, కంపెనీ పుస్తకంలో రాసే లోతు నిలవ నీళ్లకి. లాగే తాడు ఒడ్డునే తగిలించి పెట్టుకో. బండి ఆగితే ఇంజిన్ని దానంతటదే ఆపేసే ఆటో స్టార్ట్ స్టాప్ ఉంటే దాన్ని ఆపెయ్. నెమ్మదిగా బలంగా లాగే లో రేంజ్, ఒకటో రెండో గేరు, మనిషి నడక స్పీడు, మధ్యలో క్లచ్ తొక్కకు. ముందు లేచే అల ముందుకే పోతూ ఉండాలి, దాని వెనక నువ్వు.

ఇంజిన్ పైనుంచి గాలి పీల్చుకునే గొట్టం, స్నార్కెల్, పెట్టించావట, ఫొటో చూశాను, బావుంది. కానీ దాని జాయింట్లలో ఒక్కటి వదులున్నా అది అలంకారమే. ఇంజిన్ ఆన్‌లో పెట్టి స్నార్కెల్ మూతి గట్టిగా మూసి చూడు. ఊపిరాడక ఆగిపోవాలి. హాయిగా నడుస్తూనే ఉంటే కింద ఎక్కడో చిల్లు ఉంది, గాలి దూరే చోట నీళ్లూ దూరతాయి. ఫిల్టర్ డబ్బా అడుగున నీరు కారే రంధ్రం కూడా చూడు.

ఇరుసు మధ్య గేర్లుండే డిఫరెన్షియల్‌కీ గేర్‌బాక్స్‌కీ గాలి ఆడే చిన్న రంధ్రాలు, బ్రీదర్లుంటాయి, వాటి గొట్టాలు బానెట్ ఎత్తుకి తెచ్చుకో. వేడిగా ఉన్న వాటి హౌసింగ్, అంటే బయటి డబ్బా, చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చేస్తుంది. దాటే ముందు కాసేపు ఆగి చల్లారనివ్వు, దాటాక ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగుకి తిరిగిందేమో చూడు. బ్రేకులు నెమ్మదిగా నొక్కుతూ ఆరబెట్టుకో.

భయపెట్టానా? కాస్త భయపడు, పర్లేదు. మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, ఆ ఘాట్ సంగతి తనకి ఇప్పటికీ తెలియదు.

స్నార్కెల్ మూసి చూసేటప్పుడు వీడియో తీసి పంపు, ఇంజిన్ ఆగినా ఆగకపోయినా. బ్రీదర్ గొట్టాలు ఎవరికీ ఇవ్వకు, ఆదివారం బండి తీసుకురా, ఇద్దరం వేద్దాం. బండి కిందకి దూరేది మాత్రం నువ్వే, నా నడుము ఒప్పుకోదు. టార్చి నేను పట్టుకుంటా.

మామయ్య